దుంగలెత్తే పంజా ఏది కొనాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కర్ర లోడింగ్ మీదే ఉన్నాయి. లోడింగ్ ముఠాలు దొరకట్లేదు, దొరికినా టన్నుకి అడిగే కూలి పెరిగింది, ఈలోగా కొట్టిన కర్ర చేలోనే పడుంటే ఎండకి ఆరిపోయి రోజూ తూకం తగ్గుద్ది, అందుకని అందరూ మెషిన్ వైపు చూస్తున్నారు. ఈసారికి కోత మిషన్లు, డ్రిప్పు ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ మొత్తం దుంగలెత్తే పంజాలకే, అంటే గ్రాపుల్స్‌కే ఇచ్చేశాం, ఆ ప్రశ్నలు పంపిన వాళ్లు ఏమనుకోవద్దు.

కందుకూరు నుంచి ఒక కర్ర వ్యాపారి: సార్ నమస్తే. నేను సుబాబుల్, జామాయిల్ తోటలు మాట్లాడుకుని కొట్టించి మిల్లుకి తోలుతుంటాను. 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది, దానికి క్రేన్ కట్టించి గ్రాపుల్ బిగిద్దామని. షాపతను మూడు రకాలు చూపించాడు. ఒకటి అయిదు వేళ్లది, చుట్టూ నుంచి వచ్చి మధ్యలో మూసుకుంటది. రెండోదానికి రెండు పక్కలా వంకర దవడలు, మూసినప్పుడు ఒకదాని సందులోంచి ఇంకోటి దూరిపోద్ది. మూడోది చెరుకు ఎత్తేది. అయిదు వేళ్లదే స్ట్రాంగ్ అంటున్నాడు, రేటు కూడా దానికే ఎక్కువ చెప్పాడు. ఏది తీసుకోమంటారు?

రెండోదే తీసుకోండి. దాన్ని బైపాస్ గ్రాపుల్ అంటారు, దుంగల కోసమే చేసిన రకం.

అయిదు వేళ్లది ఆరెంజ్ పీల్ గ్రాబ్, పాత ఇనుము యార్డుల్లో తుక్కు ఎత్తుతూ కనపడేది అదే. గట్టిదే, షాపతను అబద్ధం చెప్పలేదు, కాని దాని గట్టితనం వేరే పనికి. తుక్కు, బండలు, జామాయిల్ తోట తీసేశాక మిగిలే వేరు మొద్దులు, ఇట్లా ఒక ఆకారం లేని సరుకుని అన్ని పక్కల నుంచి చుట్టేసి లేపుద్ది. దుంగ అట్లా కాదు కదా, పొడుగ్గా ఉంటుంది, దాన్ని అడ్డంగా రెండు పక్కల నుంచి పట్టాలి. ఆరెంజ్ పీల్ దించితే రెండు మూడు వేళ్లు పక్కల నుంచి వస్తాయి, మిగతావి దుంగ పొడవు వెంబడి వచ్చి వాటికి పట్టడానికి ఏమీ దొరక్క కర్ర మీదెక్కి కూర్చుంటాయి, ఇక పంజా పూర్తిగా మూసుకోదు, రెండు కర్రలు దొరికితే నాలుగు జారతాయి. పైగా మొనలు నేలలో దిగబడి మట్టి, రాళ్లు కలిపి తీసుకొస్తాయి. మిల్లులో కర్రని ముక్కలు చేసే చిప్పర్ బ్లేడుకి రాయి తగిలితే ఏమవుద్దో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

చెరుకు గ్రాబ్ సంగతి వేరు. దాని వేళ్లు పొడుగు, సన్నం, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, చెరుకు గుట్టని తోసుకుంటూ పోయి వదులుగా ఎత్తడానికి అది సరిగ్గా సరిపోద్ది. పచ్చి జామాయిల్ మీద అవే వేళ్లు వాడితే కొన్నాళ్లకి వంకర్లు పోతాయి. మీకు చెరుకు పని కూడా ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు.

బైపాస్‌లో ఒక దవడకి రెండు వేళ్లుంటే ఎదుటి దవడకి ఒకటో రెండో ఉంటాయి, మొనలు ఢీకొని ఆగిపోకుండా ఒకదాన్నొకటి దాటుకుని లోపలికి పోతాయి, అంటే పంజా నిండా కర్ర ఉన్నా పట్టుద్ది, ఒకే ఒక్క మణికట్టంత కర్ర మిగిలినా బిగిసిపోయి పట్టుద్ది. తోటలో మొదటి కర్ర లావు, కొస కర్ర సన్నం, అన్నీ కలిపి ఎత్తాల్సిన మీలాంటి వాళ్లకి ఇదే ముఖ్యం. ఇంకో రకం ఉంది, మొనలు దాటకుండా సరిగ్గా ఎదురెదురుగా ఆనేది, దాని దవడలు వెడల్పు, పల్ప్‌వుడ్ గ్రాపుల్ అంటారు. అన్నీ ఒకే పొడవుకి నరికి నీట్‌గా పేర్చి ఉన్న కర్ర అయితే అది బైపాస్ కన్నా నిండుగా ఎత్తుద్ది. కాని ఆ పేర్చడానికి మళ్లీ మనుషులు కావాలి, చేలో చెల్లాచెదురుగా పడున్న కర్రని ఏరుకోవాలంటే బైపాసే.

రకం సంగతి అంతే. అసలు దెబ్బతినేది సైజు దగ్గర. షాపుల్లో నోరు ఎంత తెరుచుకుంటుందో చూపించి పెద్దది అంటారు. గ్రాపుల్ సైజు చెప్పేది మొనలు ఆనినప్పుడు దవడల లోపల మిగిలే చోటుని బట్టి, చదరపు మీటర్లలో. 0.1 అంటే బాగా చిన్నది, ట్రాక్టర్ క్రేన్లకి ఎక్కువగా 0.2 లోపు పెడతారు, 0.25 నుంచి 0.4 దాకా అయితే బయటి దేశాల అడవుల్లో కర్ర ఎత్తి మోసుకెళ్లే ఫార్వర్డర్ బండ్లకి పెట్టేవి. ఇప్పుడు కాస్త ఓపిక పట్టి ఈ లెక్క చూడండి. 0.2 గ్రాపుల్ నిండా 3 మీటర్ల కర్ర పట్టారు. 0.2ని 3తో గుణిస్తే 0.6 ఘనమీటర్లు, కాని గుండ్రటి కర్రల మధ్య సందులుంటాయి కాబట్టి అందులో దాదాపు 65 శాతమే కర్ర, అంటే 0.39. పచ్చి జామాయిల్ ఘనమీటరు ఇంచుమించు టన్ను తూగుద్ది, సుబాబుల్ కొంచెం తక్కువ, కాబట్టి ఒక్క పట్టుకి 390 కేజీలు. దీనికి గ్రాపుల్, పైన దాన్ని గుండ్రంగా తిప్పే రొటేటర్ బరువు ఒక 150 కేజీలు కలపండి, 540 అయింది.

ఇప్పుడు క్రేన్ వైపు రండి. క్రేన్ బలం టన్-మీటర్లలో ఉంటుంది. 3 టన్-మీటర్ల క్రేన్ అనుకుంటే బూమ్, అంటే క్రేన్ చెయ్యి, 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు టన్ను ఎత్తుద్ది, అదే బూమ్ 6 మీటర్లు చాపితే 500 కేజీలే. మన లెక్క 540 వచ్చింది కదా, అంటే బూమ్ పూర్తిగా చాపి పంజా నిండా పట్టారంటే క్రేన్ మొరాయిస్తుంది, లేదా అవతలి పక్క ట్రాక్టర్ చక్రం గాల్లోకి లేస్తుంది. అదే 0.16 సైజు తీసుకుంటే పట్టుకి 310 కేజీలు, అన్నీ కలిపి 460, 6 మీటర్ల దూరంలో కూడా నిబ్బరంగా లేపుద్ది. చిన్న పంజాతో లోడు తొందరగా అవుతుందంటే నవ్వుతారు గానీ సగం నింపి ఎత్తే పెద్ద పంజా కన్నా నిండా నింపి ఎత్తే చిన్న పంజా నయం, ఎందుకంటే సగం నిండిన పంజాలో కర్రలు అటూ ఇటూ కదిలి ఏటవాలుగా తిరిగిపోతాయి, ట్రక్కులో పెట్టేటప్పుడు మళ్లీ సర్దుకోవాలి.

ఇంకోటి, సైజు ఒకటే అయినా కర్ర పొడవు పెరిగితే బరువు పెరుగుద్ది. రేపు మిల్లు వాడో పోల్స్ వాడో 6 మీటర్ల కర్ర అడిగాడనుకోండి, అదే 0.16 పంజాకి 620 కేజీలు తగుల్తాయి. అప్పుడు పంజా మార్చక్కర్లేదు, సగం పట్టండి చాలు, ఆ సంగతి డ్రైవర్‌కి ముందే చెప్పి పెట్టండి. షాపులో "టన్ను ఎత్తుద్దండీ" అంటే ఎంత దూరంలో అని ఒక్క ప్రశ్న వేయండి, చార్ట్ చూపించకపోతే వేరే షాపు చూసుకోండి.

అశ్వారావుపేట దగ్గర నుంచి ఒక జేసీబీ ఓనరు: నమస్తే అన్నా. మా దగ్గర జేసీబీ ఉన్నది, 3డీఎక్స్. జామాయిల్ సీజన్‌ల ఖాళీగనే ఉంటది. దీనికే వెనుక బకెట్ తీసేసి గ్రాపుల్ పెట్టిస్తే అయితదా, లేక వేరే బండి కొనాల్నా? బ్రేకర్ లైను ఉన్నది బండికి.

అవుతుంది, కాని బ్రేకర్ లైను, అంటే బండలు పగలగొట్టే సుత్తికి ఆయిల్ పంపే పైపులు, ఉంది కాబట్టి పని అయిపోయిందని అనుకోవద్దు. బ్రేకర్‌కి ఆయిల్ ఒక పక్క నుంచే పోతుంది, రెండో పైపు ఊరికే ట్యాంకుకి తిరిగొచ్చే దారి. గ్రాపుల్‌కి మూయడానికీ తెరవడానికీ రెండు వైపులా ప్రెజర్ కావాలి, అంటే డబుల్ యాక్టింగ్ లైను. దానికి రొటేటర్ కూడా పెడితే ఇంకో రెండు పైపులు, ఇంకో లివరో పెడలో కావాలి. వాల్వు మార్పించి, పైపులు లాగించి, ఆ ఖర్చు గ్రాపుల్ రేటుకి కలిపి చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. రొటేటర్‌కి ఇచ్చే ఆయిల్ కూడా తగ్గించాలి. చిన్న రొటేటర్లు నిమిషానికి 20 లీటర్ల దగ్గర పని చేయడానికి చేసినవి, బ్రేకర్‌కి ఇచ్చే ఫ్లో మొత్తం దానిలోకి వదిలితే గిర్రున తిరిగి సీళ్లు పోతాయి, మధ్యలో ఒక ఫ్లో కంట్రోల్ వాల్వు పెట్టించండి.

ఖర్చు తక్కువలో కావాలంటే బకెట్ అలాగే ఉంచి దానికి ఎదురుగా ఆర్మ్‌కి ఒక థంబ్, అంటే బొటనవేలు లాంటి ఇనప కొమ్ము, వెల్డ్ చేయించుకుంటారు, బకెట్ మూసినప్పుడు కర్ర దానికీ బకెట్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. లావు దుంగ ఒక్కోటి ఎత్తడానికి బాగుంటుంది. మిల్లు కర్రకి మాత్రం పనికిరాదు, సన్న కర్రలు గంపెడు ఉంటే ఒక్కోటి ఏరుతూ కూర్చుంటే సాయంత్రానికి అర ట్రక్కు కాదు.

నా మాట అడిగితే మీ బండికి ముందు పక్క చూడండి. లోడర్ ఆర్మ్‌లకి బకెట్ బదులు ఫోర్కు, పైన నొక్కి పట్టే క్లాంపు పెట్టించుకోవచ్చు, రోడ్డు పక్క పేర్చి ఉన్న కర్రని ఒక్కసారే పెద్ద కట్టగా లేపుకెళ్తారు. ముందు 4-ఇన్-1 బకెట్ (నోరులా తెరుచుకునే బకెట్) ఉన్న బండి అయితే ఆ నోరు తెరుచుకునే లైను అప్పటికే ఉంటుంది, క్లాంపుకి అదే వాడుకోవచ్చు. కాకపోతే నేల గట్టిగా, చదునుగా ఉండాలి, నల్లరేగడిలో వాన పడ్డాక ముందు కట్ట బరువుకి ముందు చక్రాలు దిగిపోతాయి. డిపోలో పని అయితే ఇదే, చేలో పని అయితే వెనుక గ్రాపుల్.

కాకినాడ తీరం వైపు నుంచి ఒక సరుగుడు రైతు: గ్రాపుల్ కొని మూడు నెలలైందండి. ఎత్తేటప్పుడు బానే పట్టుద్ది, ట్రక్కు దాకా వచ్చేసరికి రెండు మూడు పుల్లలు కింద పడిపోతన్నాయి. ఒకసారి మొత్తం కట్ట జారింది, అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. కంపెనీ వాళ్లు కర్ర నున్నగా ఉంది అందుకే అంటన్నారు, నిజమేనా?

కొంత నిజమే. బెరడు తీసిన పచ్చి కర్ర జిగురు, తడి మీద నున్నగా జారుద్ది. కాని అదొక్కటే కారణం అయితే ప్రపంచంలో బెరడు తీసిన కర్ర ఎవరూ గ్రాపుల్‌తో ఎత్తలేరు కదండీ.

ముందు ఒక పరీక్ష చేయండి. లావు కర్ర ఒకటి పట్టించి నేలకి ఒక జానెడు ఎత్తులో ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, అందరినీ దూరం జరిపి ఒక పది నిమిషాలు చూడండి. పంజా కొంచెం కొంచెం తెరుచుకుంటుంటే సిలిండర్ సీలు పోయింది, లేదా సిలిండర్ మీదుండే చెక్ వాల్వులో చెత్త ఇరుక్కుంది. అసలు చెక్ వాల్వే లేదేమో అది కూడా చూడండి, చవక రకాల్లో పెట్టరు. అది చాలా ముఖ్యం, పైపు పగిలినా ఆయిల్ వెనక్కి పోకుండా ఆపి పంజాని మూసే ఉంచేది అదే. అది లేని గ్రాపుల్ కింద నుంచి మనుషులు తిరుగుతుంటే ఏ రోజుకా రోజు గండమే. కొన్నిటికి చిన్న అక్యుములేటర్ కూడా ఉంటుంది, కట్టలో కర్రలు సర్దుకుని కొంచెం వదులైనా ప్రెజర్ తగ్గకుండా వెంటనే బిగిస్తుంది. సన్న కర్ర కట్టలకి దాని వల్ల చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే సన్నవి ప్రయాణంలో తప్పకుండా సర్దుకుంటాయి.

పరీక్షలో పంజా కదలకపోతే తప్పు మెషిన్‌లో లేదు, పట్టులో ఉంది. మీరు సరుగుడు ఎలా పేరుస్తున్నారు? మొదళ్లన్నీ ఒకే పక్క పెట్టి ఉంటారు. అప్పుడు బరువు మధ్య సరిగ్గా కర్ర మధ్యలో ఉండదు, మొదలు వైపు జరిగి ఉంటుంది, డ్రైవరేమో కంటికి మధ్య అనిపించిన చోట పట్టుకుంటాడు, లేపగానే మొదలు వైపు వాలుతుంది, ఏటవాలు అయిన కట్టలో పై కర్రలు జారతాయి. మధ్యకి కాస్త మొదలు వైపు పట్టమనండి, లేదా పేర్చేటప్పుడే సగం ఇటు సగం అటు మొదళ్లు వచ్చేట్టు పెట్టించండి. సరుగుడు జామాయిల్ కన్నా బరువైన కర్ర, సన్నగా ఉందని తేలిగ్గా తీసుకుని పంజాకి మించి పట్టిస్తే మొనలు మూసుకోవు. మొనలు కలవని పంజా అంటే కింద తలుపు తీసి పెట్టిన బండే.

పట్టే పద్ధతి కూడా ఒకటుంది. కొత్త డ్రైవర్లు పంజాని గుట్ట మీద గట్టిగా అదిమి మూస్తారు. అలా చేస్తే మొనలు కింద కర్రల్లో గుచ్చుకుని ఆగిపోతాయి. మూస్తూ మూస్తూ బూమ్‌ని కొద్దికొద్దిగా పైకి లేపాలి, అప్పుడు కర్రలు దొర్లుకుంటూ దవడల్లోకి వచ్చి పడతాయి, మొనలు కింద నుంచి శుభ్రంగా కలుస్తాయి. రెండు రోజులు పక్కన నిలబడి చెప్తే వచ్చేస్తుంది, మళ్లీ ఎప్పటికీ పోదు.

పేరు రాయని ఒక పాఠకుడు: రొటేటర్ లేకుండా తీసుకుంటే చాలా తగ్గుతోంది. తప్పనిసరా?

లోడింగ్‌కి తప్పనిసరి. చేలో కర్ర ఒక దిక్కుకి ఉంటుంది, ట్రక్కు ఇంకో దిక్కుకి ఉంటుంది, తిప్పేది ఏదో ఒకటి ఉండాలి. అది లేకపోతే ఒక మనిషి కర్ర కొస పట్టుకుని చేత్తో తిప్పుతాడు, వేలాడే లోడు దగ్గర మనిషిని నిలబెట్టడమే మనం మెషిన్ కొని తప్పించుకోవాలనుకున్న పని. ఆగకుండా గుండ్రంగా తిరిగేది తీసుకోండి, కొంత దూరం తిరిగి ఆగేదానితో డ్రైవర్‌కి చిరాకు. రొటేటర్ మీద 3 టన్నులు, 4.5 టన్నులు అని రాసి ఉంటుంది, అది నిలువుగా వేలాడే బరువుకే లెక్క. కర్రతో పక్కకి తోయడం, లాగడం, ట్రక్కు డాలాకి ఆనించి నొక్కడం దానికి విషం. రొటేటర్ పైనుండే లింకులో ఊగుడు ఆపే బ్రేకు ఉంటే ఇంకా మంచిది, బూమ్ ఆపగానే లోడు గంట కొట్టదు.

రాజమండ్రి నుంచి ఒక సామిల్లు ఓనరు: మాకు టేకు, బయట దేశాల కర్ర వస్తుంది. ఒక్కో దుంగ టన్ను పైనే. ఇప్పటిదాకా చైన్ కప్పీతో దించుకుంటున్నాం. గ్రాపుల్ మంచిదా, వీల్ లోడర్ ఫోర్కు మంచిదా?

మీ యార్డు నేల ఎలా ఉంది అన్నదాని మీద ఉంది. కాంక్రీటో గట్టి గ్రావెలో అయితే వీల్ లోడర్‌కి లాగ్ ఫోర్కు, పైన క్లాంపు. దుంగని ఎత్తి యార్డు ఆ చివర నుంచి ఈ చివరకి తీసుకెళ్లడం గ్రాపుల్ క్రేన్ వల్ల కాదు, అది ఉన్న చోటే ఉండి చుట్టూ అందినంత వరకే పని చేస్తుంది. లారీ మీద నుంచి దించి సైజు ప్రకారం వేరు చేసి పెట్టడమే ఎక్కువ పని అయితే, యార్డు ఇరుకైతే, గ్రాపుల్.

బరువు లెక్కలో మీ వ్యాపారం వాళ్లు ఒకటి గమనించాలి. మీరు కొలిచేది చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించే పద్ధతి కదా, హోప్పస్ కొలత. 2 మీటర్ల చుట్టుకొలత, 4 మీటర్ల పొడవు దుంగ మీ కాగితం మీద కరెక్ట్‌గా 1 ఘనమీటరు వస్తుంది. నిజంగా అందులో ఉన్న కర్ర 1.27 ఘనమీటర్లు. ఆ కొలత కోతలో పోయే తరుగుని ముందే వదిలేసి కట్టే లెక్క, అసలు దానిలో 78.5 శాతమే చూపిస్తుంది. కొనడం అమ్మడం వరకు ఎవరికీ నష్టం లేదు, ఇద్దరూ అదే కొలతలో మాట్లాడుకుంటారు. క్రేన్‌కి ఆ ఒప్పందం తెలీదు. పచ్చి టేకు ఘనమీటరు టన్నుకి కాస్త తక్కువ అనుకున్నా ఆ దుంగ 1.2 టన్నుల దగ్గర ఉంటుంది, మీరు కాగితం చూసి టన్ను లోపే అనుకుని బూమ్ చాపుతారు. కాగితం మీది అంకెని 0.785తో భాగించి అప్పుడు బరువు కట్టండి. బయట దేశాల గట్టి కర్రల్లో నీళ్లలో మునిగేవి కూడా ఉన్నాయి, వాటికి ఘనమీటరుకి టన్ను కన్నా ఎక్కువే వేసుకోవాలి.

వీల్ లోడర్ కొనేటప్పుడు దాని కేటలాగులో టిప్పింగ్ లోడ్ అని రెండు అంకెలుంటాయి, బండి తిన్నగా ఉన్నప్పుడు ఒకటి, పూర్తిగా తిరిగినప్పుడు ఒకటి. మధ్యలో మడత పడినట్టు తిరిగే బండి కాబట్టి తిరిగినప్పుడు తక్కువ. ఆ తక్కువ అంకెలో సగం దాకానే మీ పెద్ద దుంగ ఉండేట్టు చూసుకోండి. టేకుకి ఇంకో జాగ్రత్త, ముల్లులాంటి మొనలున్న పంజా వద్దు, దుంగ మీద గుంటలు పడితే పై పలక దండగ, ఆ పై పలకలోనే కదా మీ డబ్బులు.

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు: మా అబ్బాయి ఒరెగాన్‌లో ఉంటాడు. రోడ్డు పక్కన దుంగలు ఎత్తే మెషిన్ వీడియో పంపాడు. పట్టుకున్న దుంగ ఒక కొసని బూమ్ కింద ఇనప పళ్లకి ఆనించి మొత్తం దుంగని కిందికి వాలకుండా తిన్నగా చాపి పట్టుకుంది. అలా ఎందుకు? మన దగ్గర ఎందుకు లేవు?

అది హీల్ బూమ్ లోడర్ అండీ. అమెరికా పశ్చిమ తీరంలో డగ్లస్ ఫర్ చెట్లు చాలా పెద్దవి, దుంగ ఒక్కోటి 12 మీటర్లు పైన కూడా ఉంటుంది. అంత పొడుగు దుంగని కరెక్ట్‌గా మధ్యలో పట్టాలంటే మెషిన్ అక్కడి దాకా అందాలి, కొండ వాలు మీద అది కుదరదు. అందుకని ఒక కొసకి దగ్గరగా పట్టి, పొట్టిగా ఉన్న ఆ కొసని బూమ్ కింద ఉండే ఆ పళ్ల దిమ్మకి ఎగదన్నుతారు, అప్పుడు పొడుగు కొస కిందికి వాలకుండా నిలబడుతుంది. దుంగ అటూ ఇటూ ఊగదు, లారీ మీద ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టొచ్చు. మన మిల్లు కర్ర నరికేదే పొట్టిగా, దానికి ఆ అవసరమే రాదు.

లారీకే బిగించి ఉండే క్రేన్ల సంగతి కూడా అడిగారు వేరే ఉత్తరంలో. వాటి మొదలు స్వీడన్‌లో, ఎరిక్ సుండిన్ అని మంచు మీద జారే స్కీలు తయారు చేసే ఆయన 1944లో హుడిక్స్‌వాల్ ఊళ్లో పెట్టిన కంపెనీతో. లారీ ఇంజన్ శక్తితోనే లారీ తనని తాను లోడ్ చేసుకోవాలన్నది ఆయన ఐడియా. హయాబ్ అంటే అదే కంపెనీ, ఇప్పుడు ఏ బ్రాండు క్రేన్‌నయినా చాలా చోట్ల హయాబ్ అనే పిలుస్తారు.

సత్తుపల్లి నుంచి: ట్రాక్టర్ వెనక త్రీ పాయింట్‌కి తగిలించే గ్రాపుల్ తక్కువకే వస్తుంది, దానితో లోడింగ్ చేయొచ్చా?

చేయలేరు. అది స్కిడ్డింగ్ గ్రాపుల్, దుంగల ఒక కొస లేపి చేలోంచి రోడ్డు దాకా ఈడ్చుకురావడానికి. ట్రక్కు ఎత్తుకి లేపే దారి దానికి లేదు. మిల్లు కర్రని ఈడిస్తే మట్టి కూడా అంటుకుంటుంది, ముందే చెప్పుకున్నాం. పొలంలోకి ట్రక్కు పోలేని చోట దుంగలు బయటికి లాగడానికి మాత్రం బంగారం.

బాపట్ల నుంచి ఒక డ్రైవర్: ఓనరు గ్రాపుల్ బండి నాకు అప్పజెప్పాడు. నేను ఇదివరకు ట్రాక్టర్ తప్ప ఏమీ నడపలేదు. ముఖ్యంగా ఏం చూసుకోవాలి అన్నా?

పైకి చూడు తమ్ముడూ. అన్నిటికన్నా ముందు అదే. తోటల గట్ల మీద 11 కేవీ లైన్లు సాగి కిందికి వేలాడుతుంటాయి, ట్రక్కు మీద ఎత్తుగా లోడు వేసేటప్పుడు కళ్లన్నీ పంజా మీదే ఉంటాయి, బూమ్ మోచెయ్యి ఎక్కడుందో ఎవడూ చూడడు, మోచెయ్యే ముందు తగుల్తుంది. ఎటు చాపినా బూమ్‌కీ తీగకీ మధ్య 3 మీటర్ల కన్నా తక్కువ దూరం రాకూడదు, అలా కుదరకపోతే ట్రక్కుని వేరే చోటికి జరపమను, ఓనరు తిట్టినా సరే. పొరపాటున తగిలితే దిగొద్దు, కింద వాళ్లని దగ్గరికి రావద్దని అరువు, బండి కదిలితే తీగ నుంచి దూరంగా పోనివ్వు, కదలకపోతే కరెంట్ తీసేశారని తెలిసేదాకా సీట్లోనే కూర్చో.

రెండోది కాళ్లు. క్రేన్ స్టెబిలైజర్లు రెండూ దించి, నేల మెత్తగా ఉంటే కింద చెక్కలేసి, అప్పుడే బూమ్ లేపు. తొందరలో ఒక కాలు దించి పని మొదలెట్టేవాళ్లు ఉన్నారు, కాలు దించని పక్కకి బూమ్ తిరిగినప్పుడు తెలుస్తుంది. లోడు జరిగేంతసేపూ బూమ్ తిరిగే చుట్టులోకి ఎవరినీ రానివ్వకు, ట్రక్కు మీద నిలబడి కర్ర సర్దే ముఠా వాళ్లని కూడా కిందికి దింపేయ్. పంజా పట్టుకుని ఎవరినీ పైకెక్కనివ్వకు, సరదాకి కూడా.

పొద్దున్నే పిన్నులన్నిటికీ గ్రీజు కొట్టు, రొటేటర్ లింకు పిన్నుకి ముఖ్యంగా, మొత్తం బరువంతా వేలాడేది ఆ ఒక్క పిన్ను మీదే. దానికి పెట్టే స్ప్లిట్ పిన్ను బదులు మేకు వంచి పెట్టి ఉంటే అక్కడే ఆగి ముందు అది మార్పించు. పైపులు రాసుకుపోయి లోపలి ఇనప తీగలు బయటపడ్డాయేమో చూడు, కారుతున్న చోటు వెతకడానికి చెయ్యి మాత్రం పెట్టొద్దు, సన్న రంధ్రం లోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోద్ది, పైకి చిన్న గాయమే అనిపిస్తుంది కాని వెంటనే ఆస్పత్రికి పోవాల్సిన సంగతి. ఒక అట్టముక్క అడ్డం పెట్టి చూడు.

మార్కాపురం నుంచి: సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది, పెయింట్ కొత్తగా ఉంది. ఎలా చూడాలి?

కొత్త పెయింట్ ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. పంజా మూయించి మొనలు చూడండి, ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా (బైపాస్ అయితే ఎదుటి దవడ సందుకి సరిగ్గా మధ్యలోకి) రాకుండా పక్కకి జరిగి ఉంటే పిన్ను బుష్‌లు అరిగాయి లేదా ఎప్పుడో దేన్నో పక్కకి లాగారు. దవడ పట్టుకుని చేత్తో ఊపండి, బుష్‌లు కొత్తవి వేయిస్తే పోయే వదులేనా, దవడ రంధ్రమే కోలగా సాగిందా చూడండి, రెండోదైతే లేత్ పని పడుతుంది. దవడ వంపు లోపలి పక్క వెల్డింగ్ మీద గీతలు వెతకండి, పగుళ్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి, పెయింట్ కింద మాసికలు దొరికేది కూడా అక్కడే. రొటేటర్‌ని లోడు లేకుండా రెండు వైపులా తిప్పించి, తర్వాత దుంగ పట్టించి తిప్పించండి, లోడుతో తిరగకపోతే లోపల అరిగిపోయింది, అప్పుడు రొటేటర్‌కి విలువ కట్టకుండా పంజాకి మాత్రమే బేరం ఆడండి.